తాత కట్టిన దొంగ పురుగులు

నెయిల్ పాలిష్ వాసనకు అందరికీ పెళ్లిళ్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం గుబురు మీసాల మా తాత గుర్తొస్తాడు. మొన్న చేవెళ్ల బస్సులో పక్క సీటు అమ్మాయి గోళ్లకు రంగు వేసుకుంటుంటే, సురంగల్‌లో మా ఇంటి అరుగు, వానకు తడిసిన కోళ్ల గంప, నిప్పుల మీద చిటపటలాడే మక్క కంకులు, అన్నీ ఒకేసారి ముక్కులోకి వచ్చేశాయి.

తాత ఒకప్పుడు మొయినాబాద్‌లో ఒక ఫాంహౌస్‌ తోటమాలి. అక్కడి సారు గాలానికి మట్టిలోంచి తవ్వితీసిన ఎర్రలు గుచ్చకుండా ఈకలతో కట్టిన దొంగ పురుగులు వేసేవాడట. అది డబ్బున్నవాళ్ల పిచ్చి అనుకున్నాడు తాత. తీరా ముసలితనంలో తులసిమాల వేసుకుని చేపలు తినడం మానేశాక, కుంట గట్టున కూర్చోవడం మాత్రం మానలేక, ఆ పిచ్చినే తెచ్చిపెట్టుకున్నాడు. వానాకాలం సాయంత్రాలు పుంజు మెడ ఈకను గాలం ముల్లుకు ఆనించి, అవ్వ బతుకమ్మ పండుగ చీర కొంగు నుంచి పీకిన ఎర్రదారం చుట్టి, ముడి ఊడకుండా మా చిన్నత్త నెయిల్ పాలిష్ పూసి, ఆరేదాకా పసిబిడ్డను చూసినట్టు చూసేవాడు.

"ఎర్రను సంపుతే పాపం, చేపను పడితే పుణ్యమా?" అనేది అవ్వ.

"పడితే గద!" అనేవాడు తాత.

నిజమే, రెండేళ్లలో ఒక్కటీ పడలేదు. చేపలు తెలివైనవని తాత, పురుగే అట్లున్నదని అవ్వ. నాకు కొర్రమీను పులుసు కావాలి. తొమ్మిదేళ్ల వయసులో నా భక్తి అంతవరకే.

ఒక ముసురు సాయంత్రం దారం సర్రున గుంజుకుపోయింది. లాగితే జానెడున్నర కొర్రమీను ఒడ్డున పడి ఎగురుతోంది. తాత మాల పట్టుకుని, దొంగతనం బయటపడ్డవాడిలా నిలబడిపోయాడు.

"తాతా, పులుసుకు సరిపోతది!"

"ఊకో బిడ్డా. అది నన్ను నమ్మి వచ్చింది," అన్నాడు.

ముల్లు తీసి దాన్ని నీళ్లలో వదిలేశాడు. నేను ఏడ్చాను. పులుసు కోసమే, అబద్ధమెందుకు. మర్నాడు పొద్దున తన గాలాల మొనలన్నీ విరిచేశాడు. పటకారు తెచ్చిచ్చింది అవ్వే. ఆ తర్వాత ఐదేళ్లు, పోయేదాకా, మొన లేని ముళ్లకు కొత్త కొత్త పురుగులు కట్టి రోజూ కుంటకు వెళ్లాడు. రోజూ వట్టి చేతులతో వచ్చాడు.

"ఇయ్యాల గూడ పడలేదా?" అని అవ్వ ఏమీ ఎరగనట్టే అడిగేది.

"జర్రల తప్పింది," అనేవాడు.

ఆ కుంట ఇప్పుడు ప్లాట్లయింది, గట్టున్న చోట ఇనుప గేటు. మొన్న బస్సు దిగి అక్కడ కాసేపు నిలబడితే వాచ్‌మన్ వచ్చాడు.

"ప్లాటు చూస్తవా అక్కా?"

"లేదన్నా, ఉత్తగనే నిలబడ్డ."

"ఉత్తగ నిలబడనియ్యరక్కా ఈడ," అన్నాడు, పాపం మర్యాదగానే.