ఏమీ అనిపించని ఏడాది

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు కింద హాల్లో ఒక క్లాసు పెట్టారు. రోజువారీ జీవితంలో ఒత్తిడిని తగ్గించుకోవడం ఎలాగో చెబుతారట, పెద్దవాళ్లు తప్పకుండా రావాలట అని మా అమ్మాయి నన్ను లిఫ్టులో కిందికి తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టింది. చెప్పడానికి వచ్చిన పిల్ల చక్కని పిల్ల, గొంతు మెత్తగా ఉంది. కళ్లు మూసుకోమంది, గాలి నిండా పీల్చి మెల్లగా వదలమంది, ఆ తర్వాత ఒక్కొక్కరినీ ఇప్పుడు మీకేమనిపిస్తోందో చెప్పమంది. ఒకావిడ హాయిగా ఉందంది, ఇంకొకాయన తేలికగా ఉందన్నాడు. నా వంతు వచ్చింది. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగని కాలం ఒకటి ఉండేదనీ, అప్పుడు అడిగి ఉంటే ఏమీ అనిపించడం లేదనే చెప్పి ఉండేదాన్ననీ అంతమంది మధ్య ఎలా చెప్పను? నవ్వి ఊరుకున్నాను. పైకి వచ్చాక మా అమ్మాయి టీ పెడుతూ, నీకెప్పుడూ టెన్షన్ అనేదే లేదు కదమ్మా అంది. నా ఈడు వాళ్లకైతే ఆ మాటకు జవాబు చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది కడప జిల్లాలో, రాజంపేట పక్కన. పదహారు దాటగానే కర్నూలు జిల్లాలో, బనగానపల్లెకు బండి దారిన ఉన్న ఒక పల్లెకు కోడలుగా వచ్చాను. కర్నూలు రాజధాని అయి, చోటు చాలక గుడారాల్లో ఆఫీసులు నడుపుతున్నారని మగవాళ్లు వింతగా చెప్పుకునే రోజులవి. మా పల్లెకు మాత్రం రాజధాని కన్నా వాన ముఖ్యం, ఆ వానే సరిగ్గా పడక అప్పటికి ఏళ్లయింది. ఇంట్లో మేము నలుగురం. మా మామగారు నా పెళ్లికి ముందే పోయారు కాబట్టి ఇంటికి పెద్ద మా అత్త, ఆమెకు ఇద్దరు కొడుకులు, పెద్దాయన నా భర్త, చిన్నవాడు మా మరిది. నా భర్త మితభాషి. మరిది మాత్రం ఇంట్లో ఉన్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. వేరుశనగ కాయల్ని నేను మా వైపు అలవాటుగా చెనిక్కాయలు అంటే, ఈడ బుడ్డలనకుంటే అన్నం పెట్టరు వదినా అని ఏడిపించేవాడు, ఎద్దుల దగ్గరికి వెళ్లి మా వదినకు తెలుగు రాదని వాటికి కూడా చెప్పేవాడు. కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, నన్ను ముందుగా మనిషిగా చూసి నవ్వించినవాడు అతనే.

చేనిలో బావి ఎండిపోయింది. ఎద్దులతో కపిల తోలి నీళ్లు పారించుకునే బావి, అడుగున బురద కూడా లేకుండా పోయింది. ఇంకా లోతుకు తవ్వాలని అన్నదమ్ములిద్దరూ ఆ ఎండాకాలం అందులోకి దిగారు. ఒక సాయంత్రం మా మరిది పరుగున ఇంటికొచ్చి, గుప్పెట్లో ఉన్న మట్టిముద్దను మా అత్త చేతిలో పెట్టాడు. మట్టి తడిగా, చల్లగా ఉంది. మా అత్త దాన్ని వాసన చూసి, కళ్లకు అద్దుకుంది. మరుసటి రోజు మధ్యాహ్నం నేను సద్ది గంప నెత్తిన పెట్టుకుని చేనికి పోయాను. మట్టి లాగే మోకు జారుతోందని బిగించడానికి నా భర్త పైకి వచ్చి ఉన్నాడు, మరిది ఒక్కడే అడుగున ఉన్నాడు. నేను గట్టు ఎక్కుతుండగా గోనె మూట నేల మీద పడేసినట్టు ఒక చప్పుడైంది, అంతే, పెద్ద చప్పుడు కూడా కాదు. బావి నోట్లోంచి దుమ్ము లేచింది. పక్క గోడ జారి పడిపోయింది. నా భర్త మోకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఊళ్లోవాళ్లు వచ్చి మట్టి తీసేసరికి పొద్దు వాలిపోయింది. మా మరిదిని పైకి తెచ్చినప్పుడు కూడా నా నెత్తిమీద గంప అలాగే ఉందట, ఎవరో దించారట.

నాకు ఏడుపు రాలేదు. ఇంటినిండా ఆడవాళ్లు చేరి గుండెలు బాదుకుంటుంటే నేను నీళ్లు మోశాను, పొయ్యి అలికాను, వచ్చినవాళ్లకు చాపలు వేశాను. వాకిట్లో ఎవరో నా వెనకాల, "ఏం మనిషప్పా ఇది, కంట్లో సుక్క నీళ్లు రాలేదు సూడు" అనడం విన్నాను. ఆ మాట కూడా నాకు తగల్లేదు. చాలాసేపు ఒకే భంగిమలో కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, అది మన కాలేనని తెలుస్తుంది గాని గిల్లినా తెలియదు, నా ఒళ్లంతా అలా అయిపోయింది. కర్మకాండలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు, నేను రొట్టెలు చేస్తూనే ఉన్నాను.

నా భర్త సంగతి ఇంకొక రకం. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు, స్నానం చెయ్యమంటే చేసేవాడు, కానీ తనంతట తాను ఏదీ చేసేవాడు కాదు. పంచలో అరుగు మీద కూర్చుని రెండు అరచేతులూ చూసుకుంటూ ఉండేవాడు. నిద్ర పట్టేది కాదు. గాలి సోకిందని కొందరు తాయెత్తు కట్టించమన్నారు. బనగానపల్లెలో డాక్టరు ఒక సీసా టానిక్కు ఇచ్చి బలం తగ్గిందన్నాడు. మా అత్త తాయెత్తూ కట్టింది, టానిక్కూ పోసింది, ఎవరి మాటా కాదనలేదు. అయితే ఆ రెండింటి మీదా ఆమెకు పెద్దగా ఆశ ఉన్నట్టు కనబడలేదు. తన పద్ధతి తనకుంది.

ఆ పద్ధతి ఏమిటంటే ఇంట్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండకూడదు. మధ్యాహ్నం తిండి కాగానే విత్తనం బుడ్డల మూట విప్పి మా ముగ్గురి మధ్యా కుమ్మరించేది. మాటా పలుకూ లేకుండా ఒలిచేవాళ్లం, పొట్టు చిటుక్కుమనే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మొదట్లో నా భర్త ఒక కాయ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. "ఒల్సు నాయనా" అనేది మా అత్త, అంతకు మించి ఒక్క మాట అనేది కాదు. అతను ఒలిచేవాడు. బుడ్డలైపోతే కొర్రల్లో రాళ్లు ఏరడం, కొర్రలైపోతే తాడు పేనడం. ఒకరోజు నేను వంటింట్లోంచి వస్తూ చూశాను, మేము పొద్దంతా ఏరి పెట్టిన కొర్రల్ని ఆమె ఏరనివాటిలో మళ్లీ కలిపేస్తోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. మరుసటి రోజు ముగ్గురం కూర్చుని వాటినే మళ్లీ ఏరాం.

రెండో నియమం, ఆ బావి మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎట్లా జరిగిందప్పా అని అడగడానికే వచ్చేవాళ్లు కొందరుంటారు కదా, వాళ్లను మా అత్త వాకిట్లోనే ఆపి మజ్జిగ ఇచ్చి పంపేసేది. ఒక్క సాయిబు మామను మాత్రం ఎప్పుడూ ఆపలేదు. ఆయన మా పక్కింటాయన, నాపరాళ్లు కొట్టే పని. అన్నదమ్ములిద్దరినీ చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాడు. సాయంత్రం నమాజు చేసుకుని వచ్చి అరుగు చివర కూర్చునేవాడు. బీడీ ముట్టించేవాడు. నా భర్తను పలకరించేవాడు కాదు, అతని వైపు చూసేవాడు కూడా కాదు, వీధిలో పోయే గొర్రెల్ని చూస్తూ కూర్చుని, దీపాలు పెట్టే వేళకు "వస్తానప్పా" అని లేచి పోయేవాడు. మళ్లీ మరుసటి సాయంత్రం వచ్చేవాడు. ఇలా ఎన్ని నెలలో నేను లెక్కపెట్టలేదు.

మధ్యలో మా నాన్న రాజంపేట నుంచి వచ్చాడు. నా ముఖం చూసి బెదిరిపోయాడు కాబోలు, కొన్నాళ్లు తీసుకుపోతానని మా అత్తను అడిగాడు. మా అత్త నా వైపు తిరిగి, "నీకు యాడుంటే బాగుంటాదో ఆడుండు అమ్మీ, నేనేమనుకోను" అంది. నాకు పోవాలనీ లేదు, ఉండాలనీ లేదు. పిండి కలిపి ఉంది, రొట్టెలు కాల్చాలి, అందుకని ఉండిపోయాను. మా నాన్న ఒక్కడే బస్సెక్కాడు.

వానలు వస్తాయనగా మా మామగారి అన్న, నేను పెదమామ అనేదాన్ని, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. బావి సంగతి తేల్చాలన్నారు. తడి మట్టి తగిలింది కాబట్టి ఇంకొక నిలువు తవ్వితే నీళ్లు పడతాయనీ, ఇప్పుడు వదిలేస్తే వానకు మిగిలిన గోడలు కూడా జారి అంతా పూడిపోతుందనీ పెదమామ అన్నాడు. మనిషిని తిన్న బావి, పూడ్చెయ్యడమే మేలని మిగతావాళ్లు. చివరికి అందరూ నా భర్త వైపు చూశారు. అతను చేతుల వైపు చూసుకుంటున్నాడు. అప్పుడు మా అత్త గడపలోకి వచ్చి నిలబడింది. మగవాళ్లు కూర్చున్న చోటికి వచ్చి ఆమె మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"పూడిస్తే నా బిడ్డ ఊరికే పోయినట్లయితాది. తవ్వీండి. గోడలకు రాయి కట్టినాకనే మనిషిని దింపండి. నా పెద్దోన్ని మాత్రం దాంట్లోకి దింపనియ్యను."

"వాడు చెప్పల్ల కదమ్మా" అన్నాడు పెదమామ.

"వాడిప్పుడు చెప్పలేడు. వాని బదులు నేను చెప్తాండా."

తవ్వడానికి ఒడ్డెవాళ్లను పిలిపించారు. సాయిబు మామ నాపరాళ్లు కొట్టి ఇచ్చాడు. పని మొదలైన రోజు నా భర్త ఎవరూ పిలవకుండానే లేచి చేనికి వెళ్లాడు. గట్టు మీద కూర్చుని, కిందికి దిగినవాడి నడుముకు కట్టిన మోకు కొసను తన చేతికి చుట్టుకుని, ఆ మనిషి పైకి వచ్చేదాకా కదిలేవాడు కాదు. సాయిబు మామ పక్కన కూర్చునేవాడు. నేను సద్ది తీసుకుపోయి గట్టు కింద పెట్టి వచ్చేసేదాన్ని.

నీళ్లు పడ్డాయి. ఊరంతా చేనికి వచ్చింది. ఎవరో టెంకాయ కొట్టారు, ఆడవాళ్లు పసుపు కుంకుమలు వేశారు, పిల్లలు కేకలు పెట్టారు. మా అత్త ఒకసారి తొంగి చూసి, కొంగు సర్దుకుని, ఎద్దులకు మేత వెయ్యాలంటూ ఇంటికి బయల్దేరింది. ఎవరో నాకు చెంబుతో అందిస్తే తాగాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. సంతోషం వస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను, రాలేదు. దుఃఖమైనా వస్తుందేమోనని చూశాను, అదీ రాలేదు. కపిల మళ్లీ తోలారు, పైరు పచ్చబడింది, మా ఇంట్లో మాత్రం అదే చిటుక్కుమనే చప్పుడు.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ముగ్గురం తింటున్నాం. జొన్నరొట్టె, వంకాయ కూర. నా భర్త రెండు ముద్దలు తిని ఆగాడు. కంచం వైపు చూసి, "దీంట్లో ఉప్పు లేదే" అన్నాడు.

మా అత్త చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఎవరూ అడక్కుండా అతను నోరు విప్పడం అన్ని నెలల్లో అదే మొదలు. ఆమె ఇంకొక ముద్ద పెట్టుకుని నెమ్మదిగా నమిలి, "అవ్నే, లేదు" అంది. నా వైపు తిరిగి, "నిన్న యేసినావా అమ్మీ?" అని అడిగింది. నాకు గుర్తు లేదు. "మొన్న?" అంది. మొన్నటిదీ గుర్తు లేదు. ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఎన్నాళ్లుగానో నేను కూరలో ఉప్పు మరిచిపోతున్నాను, ఎన్నాళ్లుగానో ముగ్గురమూ ఆ చప్పిడి కూడే తింటున్నాం, ఒక్కరికీ తెలియలేదు. మా అత్తకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగిరేలా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే చిన్న కొడుకును పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. నా భర్త ఎంగిలి చెయ్యి కంచంలో అలాగే ఉంచి తల వంచుకున్నాడు, కన్నీళ్లు రొట్టె మీద పడ్డాయి. నేను ఉప్పు తెస్తానని వంటింట్లోకి పోయాను. జాడీలో చెయ్యి పెడితే ఉప్పు గడ్డకట్టి రాయిలా ఉంది. అట్లకాడ తీసుకుని పొడుస్తున్నాను. పొడుస్తుంటే నా చేతుల మీద నీళ్లు పడుతున్నాయి, అవి నా కళ్లలోంచేనని తెలియడానికి కొంతసేపు పట్టింది.

అంతటితో అంతా సర్దుకుందని చెప్పను. తిమ్మిరి వదిలేటప్పుడు కాలు ఎంత గుచ్చుతుందో మీకూ తెలుసు. ఆ తర్వాత వచ్చిన నెలలే నాకు ఎక్కువ కష్టంగా గడిచాయి, మా మరిది గొంతు వినబడినట్టయి ఎద్దుల కొట్టంలోకి పోలేకపోయేదాన్ని. నా భర్తకు మెల్లగా నిద్ర పట్టింది, తమ్ముడి ముచ్చట్లు ఒకటీ అరా చెప్పేవాడు, చేని పని చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు, ముసలివాడై నా చేతుల్లోనే పోయాడు. మా అత్త తన మనసులో ఏం జరిగిందో చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆమెకు అప్పుడు ఎవరు కొర్రలు కలిపిపెట్టారో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు దీనికి పేరుంది, డాక్టర్లున్నారు, మందులున్నాయి, అవి మంచివే. ఆ కాలమే గొప్పదనే మాట నా నోట రాదు, నా భర్తకు అప్పుడే మంచి డాక్టరు దొరికి ఉంటే అన్ని నెలలు ఆ అరుగు మీద గడిచేవి కావేమో. అయినా ఒకటి చెప్పాలి. మా కింద ఫ్లాటులో ఒకావిడకు ఈ మధ్యే భర్త పోయాడు. చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక సాయంత్రం నేను దిగి వెళ్లి ఆమె సోఫాలో కూర్చున్నాను. నాకు మాట్లాడాలని లేదు, సాయిబు మామలా ఊరికే ఆమె పక్కన కూర్చుందామనే వెళ్లాను. ఆమె కాసేపు చూసి, ఏమైనా కావాలా ఆంటీ అని అడిగింది. ఏమీ వద్దన్నాను. మంచినీళ్లు తెచ్చింది, టీవీ పెట్టింది, తర్వాత లోపలికి పోయి మా అమ్మాయికి ఫోను చేసింది, మీ అమ్మగారికి ఒంట్లో బాగున్నట్టు లేదని. మా అమ్మాయి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది.