గద్వాలలో ఊడ్వకుండా వదిలిన ఇల్లు

గోడకు ఒక కాగితం అంటించి ఉంది. వెళ్లేటప్పుడు గిన్నెలు కడిగి, ఇల్లు ఊడ్చి తాళం ఇవ్వాలట. చదివేసరికి నాకు ఒళ్లు మండింది. డబ్బు కట్టేదీ మేమే, చీపురు పట్టేదీ మేమేనా?

మాది కల్వకుర్తి. నా భార్యకు పాలమూరు దవాఖానలో గర్భసంచి ఆపరేషన్ ఉంది. దానికి ముందు అలంపురం అమ్మవారిని చూడాలంది. దర్శనమయ్యాక రాత్రికి గద్వాలలో ఆగాం. లాడ్జి గదుల్లో వాసన వస్తుందని ఆమె అంటే, ఫోన్లో వెతికి ఈ మేడమీది ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఇంటి ఓనరు ఒక పెద్దావిడ, కింద ఉంటుంది. "ఏం పని మీద వచ్చిన్రు బిడ్డా?" అని అడిగి, ఆపరేషన్ సంగతి విని, వేడివేడి జొన్నరొట్టెలు తెచ్చిపెట్టింది. అక్కడే నాకు తికమక మొదలైంది. లాడ్జిలో రొట్టె ఎవరూ పెట్టరు, ఊడ్వమనీ ఎవరూ అనరు. తువాలు మంచం మీద పడేసి వచ్చేస్తాం. ఇక్కడ మేం చుట్టాలమా, గిరాకీలమా?

పొద్దున్నే నా భార్య చీపురందుకుంది. రక్తం తక్కువై, వంగితే కళ్లు తిరిగే మనిషి.

"నువ్వు ఊడ్వకు. నేను గూడ ఊడ్వ. ఏమంటదో అననీ," అన్నాను.

"పరాయోళ్ల ఇల్లు. గిట్ల ఇడిసిపెట్టిపోతే మంచిగుంటదా?"

చీపురు లాక్కుని మూలన పెట్టాను.

తాళం ఇస్తూ, ఊడ్వలేదని నేనే చెప్పాను. తగువుకు సిద్ధంగానే ఉన్నాను. పెద్దావిడ ముఖం చిన్నబోయింది. "అయ్యో, పగటీలికి వేరేటోళ్లు వస్తున్నరే," అని కాసేపు ఆలోచించింది. "సరే, పోయి రాండ్రి. చేరినంక జర ఫోన్ చెయ్యుండ్రి," అంది. మేము చేరితే ఈవిడకెందుకో నాకు అర్థం కాలేదు. అద్దె ముందే కట్టేశాం కదా.

దవాఖానలో సంతకాల హడావిడిలో ఆ మాటే మరిచిపోయాను. నా భార్యను ఆపరేషన్ గది లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. అప్పుడు పెద్దావిడే ఫోన్ చేసింది.

"చేరిన్రా బిడ్డా? పొద్దుగాలకెల్లి చూస్తున్న. వచ్చినోళ్లు మెట్ల మీద కూసున్నరు. ఇగ ఊడ్వాల్నా?"

"నన్నెందుకు అడుగుతున్నవమ్మా?"

"మనిషి గడప దాటంగనే ఇల్లు ఊడుస్తరా ఎవరన్న? పీనుగు లేచినంక ఊడుస్తరు గని. అందుకే ఎవరొచ్చినా వాళ్లనే ఊడ్చిపొమ్మంట. నీ పెండ్లాం చూస్తే ఆపరేషన్‌కు పోతుండె. ఎన్కనే చీపురు ఎట్ల పడుత?"

మా అమ్మ కూడా ఇంతే. నేను ఊరికి బయలుదేరితే చీపురు ముట్టేది కాదు. నాకు ఆ పట్టింపు లేదనుకున్నాను. ఎన్ని లాడ్జిల్లో మేం మెట్లు దిగకముందే గది ఊడ్చి ఉంటారు, ఏమైంది? డబ్బిచ్చి పడుకున్న ఇంటికి కూడా ఇది వర్తిస్తుందా? ఎంత ఆలోచించినా ఏదీ తేలలేదు. చేరామని ఒక్క మాట చెప్తే ఆవిడ ఊడ్చుకుంటుంది, మెట్ల మీద వాళ్లు లోపలికి పోతారు. ఎదురుగా తలుపు ఇంకా మూసే ఉంది. నాకు భయమేసింది.

"జరసేపు ఊడ్వకమ్మా," అన్నాను. "ఆమెను బయటికి రానీ."