ఎర్ర కారు ఎవరు నడిపారు

ఇబ్రహీంపట్నంలో ఆడవాళ్లకు కారు నేర్పే అరుణ దగ్గర చేరినవాళ్లు మొదటిరోజు స్టీరింగ్ ముట్టుకోవడానికి ముందు ఎర్ర కారు కథ వినితీరాలి. తప్పించుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. అన్న ధర్మేందర్ బస్ డిపో దగ్గర మూడు టీవీలు పెట్టి గేమ్ షాపు నడిపే రోజుల్లో, పదకొండేళ్ల అరుణ మూడో టీవీ మీద ఎర్ర కారు తోలి, సముద్రం పక్క రోడ్డులో ఏడు కార్లను దాటి ఫస్టు వచ్చిందట. షాపు నిండా మగపిల్లలే. వాళ్లందరి ముందూ.

వినేవాళ్లకు అది కాలక్షేపం కావచ్చు గానీ అరుణకు అదే ఆస్తి. కాలేజీ బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని మానేసి డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు. లైసెన్సు పరీక్షనాడు పక్కన కూర్చున్న పెద్దమనిషి, గోడలున్నాయి చూసుకోమ్మా అన్నాడు. సొంతంగా స్కూలు పెట్టి కారు మీద తన పేరు రాయించుకున్నప్పుడు ఆడదాని దగ్గర ఎవరు నేర్చుకుంటారన్నారు. ఎవరేమన్నా ఆమె తన పని తాను చేసుకుపోయింది. ఎనిమిది కార్లలో ఫస్టొచ్చినదాన్ని, వీళ్లెంత అనుకునేది.

అలా కథ విన్నవాళ్లలో కోటేశ్వరి ఒకరు. భీమవరం వైపు మనిషి. సాగర్ రోడ్డు మీది వెంచర్లో ఇల్లు కట్టుకుని, ఇంట్లోంచే ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్లు పరీక్షించి తప్పులు పట్టే ఉద్యోగం చేస్తోంది. వయసులో పదేళ్లు పెద్దయినా అరుణను అండీ అనకుండా మాట్లాడదు. అరుణేమో ఆమెను అక్కా అంటూ నువ్వనే పిలుస్తుంది. ఇద్దరికీ అది బాగానే కుదిరింది. ఆ ఎర్ర కారు ఆట డిస్క్ దొరికితే తీసుకురమ్మనీ, అప్పట్లో టీవీకి తగిలించి ఆడిన పాత మిషన్ లేకపోయినా తన కంప్యూటర్ మీద ఆడిస్తాననీ ఒకరోజు కోటేశ్వరి అంది.

"మిషన్ లేకుంటె ఎట్ల నడుస్తది?"

"కంప్యూటరే ఆ మిషన్‌లా నటిస్తుందండి."

"నటిస్తే డిస్క్ నమ్ముతదా?"

నమ్ముతుందంది కోటేశ్వరి. అరుణకు సగమే తలకెక్కింది. అయినా ఆదివారం యాచారంలో తల్లి దగ్గరికి వెళ్లి అడిగింది. తల్లి రేణుకమ్మ కొడుకు షాపు మూసేశాక మిగిలిన డిస్కులను పారేసే మనిషి కాదు. పిట్టలు రాకుండా చిక్కుడు పందిరికి దారం కట్టి వేలాడదీసింది. ఎండకూ వానకూ చాలావాటికి వెండిపొర లేచిపోయింది. మొన్నటి వానాకాలంలో కట్టిన ఒక్కదాని మీద మాత్రం ధర్మేందర్ చేతిరాతతో 'కార్' అని ఇంకా కనబడుతోంది. అరుణ దాన్ని తెంపుకుని, తల్లి తిట్లు తింటూ బస్సెక్కింది.

కోటేశ్వరి తన ఇంట్లో ఆ డిస్క్‌ను సబ్బునీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, కంప్యూటర్‌కు బయటినుంచి తగిలించే పెట్టెలో పెట్టింది. అది గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. రెండోసారికి డిస్క్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి చేరింది. సంగీతం మొదలవగానే అరుణ గుర్తుపట్టింది. తెర మీద సముద్రం, పక్కన రోడ్డు, రోడ్డు మీద ఎర్ర కారు.

బల్ల మీదున్న జాయ్‌స్టిక్‌ను లాక్కుంది. ఇరవై మూడేళ్లయినా ఏ మలుపు ఎక్కడుందో ఆమె చేతులు మరచిపోలేదు. ఎడమకు తిప్పింది, కారు ఎడమకు తిరిగింది. కుడికి తిప్పింది, కుడికి తిరిగింది. ఒక్కో కారునూ దాటుకుంటూ సొరంగంలోకి దూరి, చివరిదైన నీలం కారును కూడా దాటేసింది.

"చూసినవా అక్కా, ఎట్ల తోలిన్నో."

కోటేశ్వరి చెయ్యెత్తి చూపించింది. జాయ్‌స్టిక్ తీగ కొస ఆమె చేతిలో ఉంది.

"అరుణగారూ, దీన్ని ఇంకా కంప్యూటర్‌కు పెట్టలేదండి."

తెర నల్లబడింది. ఆట పేరు వచ్చి, కింద ఇంగ్లీషు అక్షరాలు మిణుకుమన్నాయి. మొదలుపెట్టాలంటే మీట నొక్కమని వాటి అర్థం. ఎవరూ ముట్టుకోకపోతే జనాన్ని పిలవడానికి ఆట కాసేపు తనంతట తానే నడిచి చూపిస్తుందనీ, ఎప్పుడూ అదే రోడ్డు, అవే మలుపులనీ కోటేశ్వరి మెల్లిగా వివరించింది. అరుణకు బుర్ర తిరిగిపోయింది. ఆ ఫస్టొచ్చిన రోజు కూడా సొరంగం దాటగానే తెర నల్లబడింది. ఫస్టొచ్చినవ్ అని అన్న అరిచాడు. గెలుపు గీత దాటడం తను కళ్లతో చూసిందా? చూసినట్టే ఉంది. చూడనట్టూ ఉంది.

ఇక ఆగలేక జల్‌పల్లిలో సెంట్రింగ్ పనులు చేయించే అన్నకు ఫోన్ కలిపింది.

"అన్నా, గా మూడో టీవీ మీద ఎర్ర కారు నేనే నడిపిన్నా?"

ధర్మేందర్ ముందు నవ్వాడు. చెల్లెలు నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "నీకు ఆడనియ్యకుంటె మస్తు ఏడుస్తుంటివి. మంచి జాయ్‌స్టిక్ ఖాళీ ఉంటె మంచిదే ఇస్తుంటి. లేకుంటె ఖరాబుది చేతిల పెడుతుంటి."

"గా ఫస్టొచ్చిన దినం ఏదిచ్చినవ్?"

"గిప్పుడెట్ల యాదుంటది అరుణా? నువ్వు ఖుషీగుంటివి, గంతే ఎర్క."

అరుణ ఫోన్ పెట్టేసింది. కోపం రావాలి, రాలేదు. ఏడుపు వచ్చేలా ఉంది గానీ ఎందుకని ఏడవాలో తెలియలేదు. తను నడిపి ఉండవచ్చు. నడపకపోయి ఉండవచ్చు. ఇప్పుడెవరు చెప్తారు?

కోటేశ్వరి కాఫీ తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చుంది. ఏదో అడగబోయి మానేసి, చివరికి అడిగింది.

"మొన్న చెరువు కట్ట మీదకి కారు ఎక్కించాను కదండీ. ఎక్కడా ఆగలేదు. మా చెల్లికి కూడా ఫోన్ చేసి చెప్పాను. అది నేనేనా?"

అరుణ చేతిలో కప్పు ఆగింది. నేర్పే కారులో ఆమె కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. ఆ సంగతి నేర్చుకునేవాళ్లందరికీ తెలుసు. ఆమె కాలు వాటిని ఎప్పుడు తొక్కుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే ఆమెకూ తెలియదు. నువ్వే అని చెప్పేయడానికి నోరు తెరిచింది. అప్పటిదాకా పదిమందికి అలాగే చెప్పింది కూడా.

"ఎర్క లేదక్కా," అంది చివరికి. "నా కాలు దానంతటదే పోతది. గా కట్ట కాడ క్లచ్చు తొక్కినట్టే ఉన్న. తొక్కలేదేమో గూడ. అబద్ధం చెప్పుడు నాకిష్టం లేదు."

కోటేశ్వరి ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చినవాళ్ల మీద అలగడం ఆమెకు చేతకాదు కాబట్టి, లేచి జాయ్‌స్టిక్ తీగను కంప్యూటర్‌కు గట్టిగా గుచ్చి అరుణ చేతిలో పెట్టింది. ఆడమంది.

మీట నొక్కగానే అరుణ ఎప్పుడూ చూడని తెర వచ్చింది. రకరకాల కార్లు, ఏది కావాలని అడుగుతోంది. ఎర్రదే పట్టుకుంది. మొదటి మలుపులోనే గోడకు కొట్టింది. రెండో మలుపులో వెనక్కి తిరిగిపోయి, ఎటు పోవాలో తెలియక, ఎదురొచ్చే కార్లకు అడ్డం పడింది. కోటేశ్వరి నవ్వాపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సొరంగం వచ్చేసరికి దాటడానికి ఎదుట ఒక్క కారూ కనబడలేదు. గెలుపు గీత దాటాక పేర్ల పట్టీ వచ్చింది. ఎనిమిది కార్లలో ఎనిమిదోది.

అరుణ ఆ అంకెను చాలాసేపు చూసింది. సిగ్గేసింది, కొంచెం నవ్వూ వచ్చింది. తర్వాత జాయ్‌స్టిక్ పక్కన పెట్టింది.

"పొద్దుగాల ఆరింటికి రా అక్కా. మళ్ల కట్ట ఎక్కుదువు."

"కారు వెనక్కి జారితేనండీ?"

"బ్రేక్ తొక్కుత," అంది అరుణ. "తొక్కినప్పుడల్లా చెప్త."