దవడకు నీళ్లు కొట్టిన టీచరుగారు

పల్నాడు విడిగా జిల్లా అయిన ఏడాది. ప్రభుత్వ సర్వీసులో డెంటల్ సర్జనుగా పదవీ విరమణ చేసి, నరసరావుపేటలో ఒక ప్రైవేటు దంతవైద్యశాలలో కన్సల్టెంటుగా చేరాను. ఇంప్లాంట్ల పని నాది. ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర. బిగించిన రోజున అది ఉత్త మరే. కొన్ని నెలల్లో ఎముక దాని చుట్టూ పెరిగి పట్టుకుంటేనే పంటికి వేరులా పనిచేస్తుంది. పట్టుకునేది ఎముక. మేం చేసేది రంధ్రం. ఈ సంగతి ఒప్పుకోవడం కొందరు సర్జన్లకు కష్టం.

ఆ ఆగస్టులో సుగుణమ్మగారు వచ్చారు. రిటైరైన టీచరు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. కింది పళ్లన్నీ పోయి కట్టుడు పళ్ల సెట్టు పెట్టించుకున్నారు. గొంతు పైకి లేచినప్పుడల్లా అదీ లేచేది. ఒక ఆదివారం పాట మధ్యలో ఎగిరి ముందు వరుసలో ఒకాయన ఒళ్లో పడింది. అప్పటి నుంచి ఆవిణ్ణి చప్పట్లు కొట్టే వరుసలో నిలబెట్టారట.

"క్రిస్మస్‌కి నేనే పాడాల డాక్టరుగారూ. లేకపోతే పాస్టరుగారి భార్య పాడుద్ది. ఆమె పాట మీరు వినలేదు కాబట్టి నిమ్మళంగా కూర్చున్నారు" అన్నారు.

రెండు ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటికి నొక్కు గుండీల్లా తగిలించాలని నిర్ణయించాను. స్కాను తీయించాను. ఎముక సన్నగా ఉందిగానీ సరిపోతుందని చెప్పాను. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. ఆ రోజుకు అది అక్షరాలా నిజం.

ఆపరేషను రోజున పక్కింటి కరీమున్నీసాను తోడు తెచ్చుకున్నారు. ఆమె భర్త మోటారు మెకానిక్కు. సుగుణమ్మగారు కుర్చీలో కూర్చున్నారుగానీ చెయ్యి రొమ్ము మీద నుంచి తీయడం లేదు.

"ఏమిటమ్మా, భయమా?"

"భయమేంది, మంట. మంచినీళ్లు దిగినా మండుద్ది."

"చెప్పక్కా, మాత్రల సంగతి చెప్పు" అంది కరీమున్నీసా. వెంటనే తనే అందుకుంది. "ఎముకలు గట్టిపడేదానికి నాకు వారానికొక మాత్ర రాశారు సార్. ఆ అట్టలు అక్కకిచ్చా. నా ఎముకలు ఎక్కడికి పోతాయి, అక్క దవడకి మర ఎక్కాలగా!"

"వారానికొకటే వేసుకున్నారా?" అని సుగుణమ్మగారిని అడిగాను.

"రోజుకొకటి."

"ఎందుకు?"

"అదేంది డాక్టరుగారూ, స్లాబు పోసినాక రోజూ నీళ్లు కొడతామా, వారానికొకసారి కొడతామా?"

ఆ మాత్రను పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి, కనీసం అరగంట నడుం వాల్చకూడదు. లేకపోతే ఆహారనాళాన్ని పుండు చేస్తుంది. టీచరుగారు గుక్కెడు కాఫీతో వేసుకుని మళ్లీ ముసుగు తన్నేవారట.

ఈ దేశంలో సదుద్దేశం ఉంటే చాలు, మోతాదు అక్కర్లేదని నమ్మేవాళ్లతో నేను జీవితమంతా వాదించాను. ఎముక సిమెంటు కాదు. దాన్ని కూల్చే కణాలు కొన్ని, కట్టే కణాలు కొన్ని నిత్యం పనిలో ఉంటాయి. ఈ మందులు కూల్చే పనిని మందగింపజేస్తాయి. ఎముకలు గుల్లబారినవారికి తుంటి, వెన్ను విరగకుండా అది కాపాడుతుంది. కానీ మర దిగిన చోట ముందు దెబ్బతిన్న ఎముకను తొలగించాలి, తరువాతే కొత్తది కట్టాలి. కూల్చేవాళ్లను ఆపితే కట్టుబడి వేగం పెరగదు. ఈ మాత్రలు వాడేవారిలో చాలామందికి ఇంప్లాంట్లు బాగానే నిలుస్తాయి. అరుదుగా కొందరికి, ముఖ్యంగా క్యాన్సరుకు పెద్ద మోతాదు ఇంజెక్షన్లు తీసుకున్నవారికి, దవడ గాయం మానక ఎముక బయటపడుతుంది.

ఆవిణ్ణి ఫిజీషియను దగ్గరికి పంపాను. ఆయన చూసి, ఆహారనాళం మానేదాకా ఆ మాత్రా, ఆపరేషనూ రెండూ వద్దన్నాడు. ఆవిడ ఎముకలకు అసలు ఆ మాత్రే అక్కర్లేదని పరీక్షలో తేలింది. నేను ఆపరేషను వాయిదా వేశాను.

"మరి క్రిస్మస్?"

"అందదు."

"మీరు దేవుణ్ణి నమ్మరు, అందుకే నా పండగ పోగొట్టారు."

"నమ్మేవాణ్ణయితే దణ్ణం పెట్టి మర తిప్పేసేవాణ్ణి. ఆ సౌకర్యం నాకు లేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచారు. నేనన్నది తప్పు కాదు. అయినా ఆ కళ్లు చూశాక వాదన గెలిచినట్టు అనిపించలేదు.

వారం తిరక్కుండానే సుగుణమ్మగారి వీధి తన సిద్ధాంతం మార్చుకుంది. నిన్నటిదాకా సిమెంటు అయిన మాత్ర విషమైపోయింది. దవడ ఊడిపోద్దంటూ ఆడవాళ్లంతా మానేశారు. నిజంగా అవసరమున్న కరీమున్నీసా, టీచరుగారికిచ్చిన అట్టల బదులు కొత్తవి కొననే లేదు. నాకు ఒళ్లు మండింది. సుగుణమ్మగారికి ఫోను చేసి, మీ మాట వింటారు, మీరే చెప్పండి అన్నాను.

"నేను చెప్పను. ఆదివారం ఆరాధన అయినాక మీరే రండి" అన్నారు. శిక్ష ఏమిటో ఆవిడకు తెలుసు.

వెళ్లాను. పాస్టరుగారు నన్ను దేవుడు పంపిన వైద్యుడని పరిచయం చేశారు. ఖండించడానికి నోరు తెరిచి, మాత్రల ముచ్చటే ముఖ్యమని మింగేశాను. రాసిన డాక్టరు చెప్పందే మానవద్దు, రాయందే మింగవద్దు అన్నాను. వెనక నుంచి ఒకామె అడిగింది: "అయితే టీచరమ్మ దవడ ఉంటదా సార్?"

"ఉంటుంది. పొద్దున్నుంచీ నన్ను తిడుతున్నది అదే" అన్నాను. అందరికన్నా ముందు నవ్వింది సుగుణమ్మగారే. వీధివాళ్లతో వచ్చి విన్న కరీమున్నీసా మర్నాడే తన డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్ర మళ్లీ మొదలుపెట్టింది.

క్రిస్మస్‌కు పాస్టరుగారి భార్యే పాడారు. టీచరుగారు తాళం తప్పించి చప్పట్లు కొట్టారని కరీమున్నీసా వచ్చి చెప్పింది. మంట పూర్తిగా తగ్గాక, జనవరిలో ఇంప్లాంట్లు వేశాను. రెండూ పట్టాయి. ఈస్టరుకు సెట్టు తగిలించాను. ఆవిడ పాడారు, ఏదీ ఎగరలేదు.

ఎముకల మందు వాడినంత మాత్రాన ఇంప్లాంటు వద్దనకూడదు, వాడుతున్నారు కదా అని గట్టిగా నిలుస్తుందనీ అనుకోకూడదు. ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్లుగా, మాత్రా ఇంజెక్షనా అని తెలుసుకుని తేల్చుకోవాలి. ఆ తరువాత నేను ఆ ప్రశ్నలు మొదటిరోజున ఒకసారి, ఆపరేషను రోజున మళ్లీ ఒకసారి వేసేవాణ్ణి. రెండోసారి అడిగినప్పుడు, పక్కింటివాళ్లు ఏమిచ్చారని కూడా అడిగేవాణ్ణి.