ఎల్లా అంటే యల్లా

ఆ రోజుల్లో, అంటే నేను కాలేజీలో చేరిన కొత్తల్లో, కువైట్ మొత్తం మీద నేను భయపడని వస్తువంటూ ఉంటే అది ఇసుక ఒక్కటే. అదీ గాలి లేనప్పుడు. లిఫ్టు ఒంటరిగా ఎక్కాలంటే భయం, తోడెవరైనా ఎక్కితే ఇంకా భయం. దారిలో పోలీసులు కార్లు ఆపుతున్నారని దూరం నుంచి కనిపిస్తే చాలు, ఇఖామాకి, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్‌కి, ఏడాది గడువున్నా సరే, బ్యాగులో కార్డు ఉందో లేదో మూడుసార్లు తడుముకునేదాన్ని. ఇదంతా మా అమ్మ చలవే. తణుకు దగ్గర పల్లె నుంచి వచ్చి అబ్బాసియా ఫ్లాటులో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నా, ఏ చిన్న చిక్కొచ్చినా ఆవిడ నోట వచ్చే మొదటి మాట 'ఎల్లా?' అని. గ్యాసు అయిపోతే 'ఎల్లా?', నాన్నగారు పది నిమిషాలు ఆలస్యమైతే 'ఇప్పుడెల్లా?'. (నాకు తెలుగు చదవడం, రాయడం నేర్పడానికి ఆవిడ పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఈ ఒక్క మాట మాత్రం నేర్పకుండానే వచ్చేసింది.)

అలాంటిదాన్ని కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఎలా చేరానంటే, నా చేతిరాత బాగుంటుంది కాబట్టి. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళది. సొరకాయలా కోలగా ఉండే బంతిని చేత్తో విసురుకుంటూ అవతలి గీత దాటించాలి. అయితే అమెరికాలోలాగా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకోవడం ఉండదు. నడుముకు మొలతాడులాంటి పట్టీ, దానికి అటూ ఇటూ రెండు రిబ్బన్లు. బంతి ఉన్న పిల్ల రిబ్బను ఎదుటివాళ్ళు లాగేస్తే ఆట అక్కడికి ఆగిపోతుంది. ఎవరు ఎటు పరుగెత్తాలో చూపించే బొమ్మలన్నీ నీటుగా పుస్తకంలో గీయడానికి కోచ్ మేడమ్ నన్ను పెట్టుకున్నారు. నీళ్ళ సీసాల పక్కన కూర్చుని గీసుకునేదాన్ని. పుట్టింది ఇక్కడే అయినా ఇక్కడిదాన్ని కాను, సెలవుల్లో తణుకు వెళితే అక్కడ 'కువైట్ పిల్ల'ని. ఆ సాయంత్రాలు ఆ బెంచీ మీద మాత్రం నేను జట్టులోదాన్ని. ఆ సంగతి పైకి చెప్పుకోలేదు గానీ, నాకు అది ప్రాణం.

జట్టుకి ప్రాణం మాత్రం ఒక లెబనాన్ అమ్మాయి. బంతి అందుకుని ఎవరికి విసరాలో తేల్చే క్వార్టర్‌బ్యాక్ ఆ పిల్లే. తను విసిరితే బంతి మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పోయేది. మేమంతా 'ఫిరంగి' అనేవాళ్ళం. ఆటల పోటీలు సగంలో ఉండగా వాళ్ళ నాన్నకి వేరే దేశం బదిలీ అయింది. వారం తిరిగేలోపల ఫిరంగి పేలకుండా విమానమెక్కేసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, కాలేజీ ఆటల ఆఫీసు వాళ్ళు కబురు పంపారు: మిగిలిన మూడు ఆటల్లో ఒక్కటన్నా గెలవకపోతే జట్టు ఖలాస్, ఆ మైదానం, ఆ సమయం బాస్కెట్‌బాల్ వాళ్ళకి. అందరూ తలలు వాల్చుకుని కూర్చున్నారు. కోచ్ మేడమ్ నా పుస్తకం అందుకుని ఒక పేజీ తెరిచి, "ఇందులో మూడో పరుగు ఎటు?" అన్నారు. నేను పుస్తకం చూడకుండానే చెప్పాను. ఇంకోటి అడిగారు. అదీ చెప్పాను. ఆవిడ ఎందుకు అడుగుతున్నారో అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. "అన్నీ తెలిసింది నీకొక్కదానికే. ఆదివారం నుంచి క్వార్టర్‌బ్యాక్ నువ్వే," అన్నారు. నా వల్ల కాదని చెప్పవలసింది. కానీ కోచ్ మేడమ్‌కి 'కాదు' అని చెప్పడం ఆట కన్నా భయంకరమైన పని.

మొదటి ఆట గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మర్యాద. మా జట్టులో బంతిని ముందు వరస నుంచి కాళ్ళ సందుగా వెనక్కి అందించే పిల్ల ఒక కువైటీ అమ్మాయి, రుమైథియాలో ఇల్లు. మనిషి నిలబడితే వెనకాల ఏమీ కనిపించదు, అందుకని నేను మనసులో 'గోడ' అని పిలుచుకునేదాన్ని. నేను 'యల్లా' అనగానే, అంటే 'కానీ, పద' అనగానే, గోడ బంతి వదలాలి, అందరూ పరుగెత్తాలి. ఫిరంగి హయాం నుంచీ అదే గుర్తు. ఆ పిల్ల 'యాల్లా' అని రాగం తీస్తే పార్కింగులో డ్రైవర్లు కూడా వెనక్కి తిరిగేవారు. నాకేమో గొంతు పెగల్లేదు. గోడ వంగి ఎదురుచూస్తోంది, రిఫరీ ఈల వేస్తోంది, నేను నోరు తెరుస్తున్నాను, మూస్తున్నాను. మధ్యలో రెండు సార్లు బంతి చేతికొచ్చింది, రెండు సార్లూ ఎదుటి జట్టుకే ఇచ్చాను (ఒకసారి దాదాపు చేతికే అందించాను, పాపం ఆ పిల్ల థాంక్స్ చెప్పింది). చిత్తుగా ఓడిపోయాం. అందరూ నా వైపు చూడకుండా బ్యాగులు సర్దుకున్నారు, అది ఇంకా నరకం. గోడ ఒక్కతే వచ్చి, "నువ్వు యల్లా అను చాలు హబీబ్తీ. మిగతాది మేం చూసుకుంటాం," అంది.

రెండో ఆట నాటికి నాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఎదుటి జట్టులో ఒక పొడుగుపిల్ల నన్నే చూస్తూ, నా రిబ్బను తనకెప్పుడో రాసిచ్చేసినట్టు చేతులు రుద్దుకుంటోంది. పక్కనున్న మా వాళ్ళు ఇంకా సర్దుకుంటున్నారు. నేను గోడ వెనక నిలబడి, ఏ పరుగు ఆడాలో మరిచిపోయి, నాకు నేనే గొణుక్కున్నాను. "అమ్మో, ఇప్పుడు... ఎల్లా?" అంతే, బంతి వచ్చి నా పొట్టకి కొట్టుకుంది. గోడకి నా 'ఎల్లా' 'యల్లా'గా వినిపించింది. అది తనకి తప్ప ఇంకెవరికీ వినిపించలేదు. పొడుగుపిల్ల ఇంకా చేతులు రుద్దుకుంటూనే ఉంది. నేను మసిగుడ్డ లేకుండా వేడిగిన్నె పట్టుకున్నదానిలా ఆ బంతిని దగ్గర్లో కనిపించిన మా పిల్ల మీదకి విసిరేశాను. ఆ పిల్ల ఉలిక్కిపడి పట్టుకుంది, ఇంకా ఉలిక్కిపడి పరుగెత్తింది, గీత దాటేసింది.

అటు తిరిగి ఇటు తిరిగి ఆ ఆట కూడా ఓడిపోయాం గానీ, ఈసారి ఆరు పాయింట్ల తేడాతోనే. కోచ్ మేడమ్ కళ్ళు మెరిసిపోతున్నాయి. ఫిరంగిలాంటి పిల్ల మళ్ళీ దొరకదు, దూరాలు విసిరే ఆట మనకిక వద్దు, దగ్గర దగ్గర వాళ్ళకి గబుక్కున అందించే ఆటే మనది అని, నా బొమ్మల పుస్తకంలో సగం పేజీలు కొట్టేశారు. "ఇక మీదట బంతి అందించే పిల్ల తప్ప ఇంకెవరూ యల్లా కోసం వినొద్దు, బంతి మీద చూపు పెట్టండి. ఈ పిల్ల యల్లాని ఎదుటివాళ్ళకి వినపడకుండా అంటుంది. ఎంత తెలివి చూడండి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అది తెలివి కాదు, ఏడుపు అని చెప్పడానికి ధైర్యం కావాలి కదా. గోడకి తెలిసిపోతుందేమోనని మాత్రం లోపల గుబులు. వాళ్ళింట్లో పదేళ్ళుగా పనిచేసే ఆవిడ తెలుగామె, ఈ పిల్లకి 'దా', 'తినుపో', 'వొద్దులే' అన్నీ వచ్చు. అయితే ఆవిడది రాయచోటి, అక్కడ 'ఎట్లా' అంటారు గానీ 'ఎల్లా' అనరు. మా గోదావరి యాసే నన్ను కాపాడింది.

మూడో ఆట కబ్ద్ వైపు, తోటల దగ్గరున్న ఒక మైదానంలో. అంత దూరం పిల్లని ఒంటరిగా పంపనని గోడ వాళ్ళమ్మ ఆ రాయచోటి అక్కని తోడిచ్చి పంపింది. నేనూ వాళ్ళ కారులోనే వెళ్ళాను. వెనక సీట్లో అక్క ఒళ్ళో టిఫిన్ల సంచీ పెట్టుకుని, "యా ఊరు పాపా మీది?" అని అడిగింది. తణుకు అన్నాను. "ఓ, నీళ్ళుండే దిక్కు," అంది. నేను కిటికీలోంచి చూస్తూ మనసులో దేవుళ్ళందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాను. ఈ ఒక్క ఆట పోతే జట్టు లేదు. వచ్చేవారం నుంచి కాలేజీ అవగానే బస్సెక్కి ఇంటికి పోవడమే.

మొదటి సగం నా భయం నిండుగా ఉంది. 'ఎల్లా' అనుకోవడం, బంతి రావడం, విసిరేయడం. రెండుసార్లు గీత దాటాం. విరామంలో అందరూ వీపు తట్టారు. ఎదుటి కోచ్ కూడా నన్ను చూపించి వాళ్ళ పిల్లలకి ఏదో చెబుతోంది. అక్కడే నాకు కళ్ళు నెత్తికెక్కాయి. పంతొమ్మిదేళ్ళ జీవితంలో మొదటిసారి భయం పోయింది, సరిగ్గా పోకూడని వేళలో. రెండో సగంలో ఛాతీ విరుచుకుని, ఫిరంగిలాగా "యాల్లా" అని రాగం తీశాను. ఎదుటివాళ్ళు ఆ రాగం వింటూ తీరిగ్గా వచ్చి రిబ్బను లాగేశారు. మళ్ళీ తీశాను, మళ్ళీ లాగేశారు. వాళ్ళు రెండుసార్లు గీత దాటి, దాటాక దొరికే అదనపు పాయింట్లు కూడా కొట్టి, మా కన్నా రెండు పాయింట్లు ముందుకెళ్ళారు. ఆట అయిపోవడానికి నిమిషం కూడా లేదు. మాకు చివరి అవకాశం, ఒక్కసారి గీత దాటితే గెలుపు. నేను మళ్ళీ గొంతు సవరించుకున్నాను.

అప్పుడు బయటి నుంచి, టిఫిన్ల సంచీ పక్కన నిలబడి, అక్క తెలుగులో కేక వేసింది. "పాపా, ధైర్యంగా ఉండొద్దు, బాగలేదు. ముందర మాదిరి భయపడు."

మైదానంలో ఆ మాటలు అర్థమైనది నాకొక్కదానికే. కాళ్ళకింద ఇసుక కదిలినట్టయింది. అంటే ఈవిడకి తెలుసు. మొదటి నుంచీ నా మొహం చూస్తూనే ఉంది. ఇప్పుడు వెళ్ళి గోడకి చెబుతుంది, గోడ అందరికీ చెబుతుంది, ఎంత తెలివి అన్న కోచ్ మేడమ్ మొహం చూడాలి. తెచ్చిపెట్టుకున్న ధైర్యం ఒక్కసారిగా జారిపోయి, నా పాత భయం వడ్డీతో సహా వచ్చేసింది. "ఇప్పుడెల్లా..." అనుకున్నానో లేదో, బంతి నా చేతుల్లో ఉంది. ఎదుటివాళ్ళు నా రాగం కోసం ఇంకా చెవులు రిక్కించుకునే ఉన్నారు. ఎవరికి విసిరానో నాకు తెలియదు, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మా వాళ్ళంతా ఆ చివర గీత అవతల ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తున్నారు. జట్టు నిలిచింది. గోడ వచ్చి నన్ను ఎత్తి రెండు చుట్లు తిప్పింది (అప్పుడూ భయపడ్డాను).

సామాన్లు సర్దుతుంటే గోడ అక్కని అడిగింది, ఇందాక ఏమని అరిచావని. ధైర్యంగా ఉండమన్నానని అక్క అరబ్బీలో ఏ తడబాటూ లేకుండా అబద్ధమాడింది. గోడ మెచ్చుకుని, ఫొటోల కోసం పరుగెత్తింది. నేను అక్క దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, "అక్కా, ఎవరికీ చెప్పొద్దు," అన్నాను.

"ఏమని?"

"భయపడుతున్నానని."

ఆవిడ గిన్నెల మీద మూతలు పెడుతూ, "దాంట్లో చెప్పేదేముంది పాపా. నేనూ అదే కదా చేస్తాండేది. మామా, అదే మా ఇంటామె, పిలిస్తే లోపల 'ఎట్లా' అనుకుంటా, బయటికి 'హాదిర్' అంటా. పదేండ్లాయ. పని ఆగిపోలేదు గదా," అంది.

హాదిర్ అంటే 'ఇదిగో వచ్చేశాను' అని. నాకు అది భలే తమాషాగా అనిపించి పకపకా నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. ఫొటోకి రమ్మని అటు నుంచి నన్ను పిలిచారు, నేను వెళ్ళిపోయాను.

ఇప్పుడు నేను షుఐబాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుని. పొద్దున్నే బస్సులు దిగి లైనుగా లోపలికి పోయే వాళ్ళని రోజూ చూస్తాను. సూపర్‌వైజరు పేరు పిలవగానే ఒక్కొక్కరు 'హాదిర్' అంటుంటే, ఆ మాటకి ముందు వచ్చే చిన్న ఆలస్యం నాకిప్పుడు వినిపిస్తుంది. కువైట్ మొత్తానికీ పిరికిదాన్ని నేనొక్కదాన్నేనని, అదేదో నాకు మాత్రమే ఇచ్చిన బిరుదైనట్టు, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు ఆవిడతో కలిసి నవ్వాననుకున్నాను గానీ, ఇద్దరం నవ్వింది ఒకే సంగతికి కాదు.