అన్ని సినిమాల్లోనూ ఒకే ముఖం

ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనుమానం వచ్చింది ఒక సినిమా మీద.

ఒక మధ్యాహ్నం టీవీలో డబ్బింగ్ సినిమా పెట్టుకుని, జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. ఒక పడవ కోసం రెండు కుటుంబాలు కొట్టుకునే కథ. కాసేపటికే ఎవరు ఏ కుటుంబమో తెలియకుండా పోయింది. ఒక గడ్డం మనిషి చచ్చిపోయాడు. తర్వాతి సీనులో అదే గడ్డం మనిషి తీరిగ్గా టీ తాగుతున్నాడు. వెనక్కి తిప్పి చూశాను. మళ్ళీ అంతే. ఆ రోజు పొద్దున్న లేచేసరికి తల వెనక భాగం పట్టేసినట్టు నొప్పిగా ఉంది. మాత్ర వేసుకుంటే తగ్గింది. ఆ నొప్పికీ టీవీలో గడ్డాలకీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

నా పేరు నూకరత్నం. గాజువాక దగ్గర మా ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడతాను. మా ఆయన అప్పలరాజు స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. అమ్మాయికి పెళ్ళయింది, ఆనందపురంలో ఉంటుంది. రోజంతా మిషన్ దగ్గరే కూర్చుంటాను కాబట్టి నాకు సినిమాలే తోడు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు "ఏటి సూడొచ్చు రత్నమ్మా?" అని అడిగేవారు. చెప్పగా చెప్పగా ఫోన్‌లో ఒక గ్రూపు తయారైంది. నేను వాయిస్ మెసేజులు పెడతాను. కథ చెప్పను, చూడొచ్చో లేదో చెబుతాను. మిషన్ తొక్కుతూ వినేవి కొన్ని, హుక్కులు కుడుతూ చూసేవి కొన్ని. మిషన్ ఆపి చూడాల్సినవి ఎప్పుడో గానీ రావు.

ఆ సాయంత్రం ఇలా పెట్టాను: "ఈ సినిమా సూడకండమ్మా. ఆరుగురు మగాళ్ళు, ఆరుగురికీ ఒకటే గడ్డం. ఎవుడెవుడో ఆళ్ళ అమ్మకి కూడా తెల్దు. బొమ్మంతా బూడిదలో ముంచి తీసినట్టుంది."

గ్రూపంతా నవ్వులు. "నిజమే అక్కా, ఇప్పుడన్నీ అంతే, సీకట్లోనే తీస్తన్నారు" అని ఒకావిడ. "హీరోలందరూ ఒక్కలాగే ఉంతన్నారు" అని ఇంకొకావిడ. నా మాటకు అంతమంది ఒకేసారి తల ఊపడం అదే మొదటిసారి. నాకు వచ్చింది జబ్బు అని తెలియకుండా చేసింది ఆ మెచ్చుకోలే.

తర్వాత చూసిన ప్రతి సినిమా అలాగే ఉంది. ఒక దాంట్లో పెళ్ళికూతురి వేషం కట్టిన అమ్మాయిని సగంలో మార్చేశారని గ్రూపులో గట్టిగా చెప్పాను. "లేదత్తా, ఒకర్తే" అని ఎవరో రాశారు. నేను నమ్మలేదు. నా ఫోన్ నుంచి టీవీకి వచ్చే సినిమాను మధ్యలో ఎవరో కోసి అతికిస్తున్నారనిపించింది. తర్వాత టీవీ మీద అనుమానం పడింది. అంతకుముందు నెలలో మా ఆయన దాన్ని తన స్నేహితుడి చేత బాగు చేయించాడు.

"టీవీలో రంగు ఎందుకు తగ్గించావు?" అని అడిగాను.

"నానేటీ ముట్టుకోలేదే."

"మరి బాగు చేసిన నీ స్నేహితుడు టీవీ అద్దం మార్చేశాడా?"

"రంగులు బాగానే ఉన్నాయి కదే, సూడు" అన్నాడాయన. నాకు చూస్తుంటే అంతా బూడిదే. ఈయన నాతో అబద్ధమాడుతున్నాడని మనసులో పెట్టుకున్నాను. అబద్ధం ఎందుకాడతాడు అని మాత్రం ఆలోచించలేదు.

అనుమానం ఒకచోట ఆగదు. ఒకావిడ చిలకాకుపచ్చ జాకెట్టు వెనక్కి తెచ్చి, దారం ఎర్రగా ఉందని నా ముందు పడేసింది. నేను వేసింది ఆకుపచ్చ దారమే అని నా నమ్మకం. పక్క వీధిలో కొత్తగా మిషన్ పెట్టినామె నా దారం కండెలు మార్చేస్తోందని అనుకున్నాను. ఆమె మా ఇంటి ముందు నుంచి వెళ్తే కిటికీ రెక్క మూసేదాన్ని. ఒక్కోసారి వేరే ఎవరో వెళ్తున్నా మూసేదాన్ని. నాకు అందరూ ఆమెలాగే కనిపించేవారు.

దారాలు, లేసులు నేను సిటీలోని పాతపట్నంలో జుబేదా అక్క దగ్గరే కొంటాను. వాళ్ళ కుటుంబానిది పాత దుకాణం. ఆవిడ కూడా మా గ్రూపులో ఉంది. ఆ వారం వెళ్ళి, గల్లా దగ్గర నిలబడ్డ మనిషిని "జుబేదక్క లేదేటి?" అని అడిగాను.

ఆ మనిషి నవ్వింది. "అరె, నానే కదా రత్నం!"

గొంతు విన్నాక గుర్తు పట్టాను. వెలుతురు సరిగ్గా లేదని సర్దుకుని, డబ్బాలోంచి ఒక కండె తీసి మెరూన్ దారం కావాలన్నాను.

"నీ చేతిలోది ఏ రంగు?" అంది జుబేదా అక్క.

"మెరూన్."

"ముదురు ఆకుపచ్చ అది."

"నువ్వు మార్చేసి ఉంటావు" అన్నాను. ఇన్నేళ్ళ స్నేహంలో ఆవిడను అలా అనడం అదే మొదటిసారి. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. గల్లా వదిలి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఆ పడవ సినిమా నానూ సూశాను రత్నం. నువ్వు వద్దన్నావని సూశాను. ఆరుగురికి గడ్డం లేదు. ఇద్దరికే ఉంది. ఒకడు గుండు, ఒకడు కుర్రాడు, మీసం కూడా రాలేదు. నువ్వు అలాగెందుకు సెప్పావా అని అప్పట్నించీ ఆలోసిస్తన్నాను."

ఆ మాట కూడా నన్ను ఆడించడానికే అంటోందేమో అనుకున్నాను. ఆవిడ నా ఎదురుగానే మా ఆయనకు ఫోన్ చేసింది. "డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికొచ్చెయ్ తమ్ముడూ. ఈమెని ఒక్కదాన్నే బస్సెక్కించను."

ఆయన రాగానే ముందు కంటి ఆసుపత్రికి వెళ్ళాం. శుక్లాలు లేవు, నరం బాగుంది అన్నారు. ఒక చిన్న డాక్టరమ్మ మాత్రం వదల్లేదు. "ఫీల్డ్ టెస్ట్ చేద్దాం" అని ఒక గిన్నె లాంటి మిషన్‌లో తల పెట్టించింది. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నేను బాగానే నొక్కాననుకున్నాను. కాగితం చూసి ఆమె మా ఆయనతో చెప్పింది: "ఎడమ పక్క పైన కనబడట్లేదు. రెండు కళ్ళకీ ఒకే చోట పోయిందంటే తేడా కంట్లో ఉండదండీ, మెదడులో ఉంటుంది. ఈరోజే న్యూరో డాక్టర్‌కి చూపించండి."

అక్కడి నుంచి పెద్దాసుపత్రికి. నేను వెళ్ళనని గొడవ పెట్టుకున్నాను. నాకు పిచ్చి అని రాయించడానికి వీళ్ళంతా కలిసిపోయారని నా భయం. లిఫ్టు దగ్గర ఒకామె నన్నే తేరిపార చూస్తోంది. "ఏటమ్మా అలా సూత్తన్నావు?" అని అడిగేశాను. మా ఆయన నా భుజం పట్టుకుని మెల్లగా అన్నాడు: "అది అద్దమే రత్నం." ఆ తర్వాత నేనింకేమీ గొడవ చేయలేదు.

ఎమ్మారై తీశారు. న్యూరో డాక్టర్ తన ఫోన్‌లో కొన్ని ఫొటోలు చూపించాడు. అందరికీ తెలిసిన నాయకులు, సినిమా వాళ్ళు. ఒక్కరి పేరూ రాలేదు. చివర్న ఒక ఫొటో చూపించి "ఈయన ఎవరు?" అన్నాడు. "ఎవురో పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దలాగున్నాడు" అన్నాను. అది మా ఆయన ఫొటో. అమ్మాయి పెళ్ళిలోదట, డాక్టర్ దాన్ని ఆయన ఫోన్ అడిగి తీసుకుని చూపించాడు.

"ఇది పిచ్చి కాదమ్మా. స్ట్రోక్" అన్నాడు డాక్టర్.

"పక్షవాతమా? నా కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదండీ."

"కాళ్ళూ చేతులూ నడిపే చోట రాలేదు. ముఖాలు, రంగులు గుర్తుపట్టే చోట వచ్చింది. కళ్ళు చూస్తున్నాయి, చూసింది ఎవరో మెదడు చెప్పలేకపోతోంది." ఆయన మా ఆయన వైపు తిరిగాడు. "వచ్చిన రోజే తీసుకొస్తే బాగుండేది. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారు?"

మా ఆయన తల దించుకుని అన్నాడు: "సినిమాలు బాగోలేవనుకున్నాం సార్."

డాక్టర్ నవ్వలేదు. ఛాతీకి హోల్టర్ అని ఒక చిన్న డబ్బా కట్టించాడు. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, అక్కడ గడ్డ కట్టిన రక్తం తలకు వెళ్ళిందని తేలింది. రక్తం మళ్ళీ గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మాత్ర రాశాడు. ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. "రంగులు కొంతవరకు తిరిగి రావచ్చు. ముఖాల సంగతి ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

జబ్బు పేరు తెలిస్తే అనుమానం పోతుందనుకున్నాను. ఇంకా పెరిగింది. అంతకుముందు నాకు నా తప్పు తెలియదు కాబట్టి ధైర్యంగా ఉండేదాన్ని. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ ప్రతి మనిషీ కొత్త మనిషే. పలకరించడానికి వచ్చినవాళ్ళు మాట్లాడేదాకా కత్తెర నా చీర కుచ్చిళ్ళ కింద ఉండేది. మా ఆయన్ని గొంతుతోనూ మీసంతోనూ గుర్తుపట్టేదాన్ని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే బాధపడతాడని.

ఒకరోజు ఆయన పొద్దున్నే బయటికి వెళ్ళాడు. ఎక్కడికో చెప్పలేదు. మధ్యాహ్నం తలుపు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. గుండు మనిషి. మీసం లేదు. నుదుటి నిండా బొట్టు.

"తలుపు తియ్యే" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

గడియ వేసి, దానికి స్టూలు అడ్డం పెట్టి, "ఎవుడ్రా నువ్వు?" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు. "రత్నమ్మా, మీ ఆయనే" అని ఎవరో అంటున్నారు. ఆ అన్నవాళ్ళు ఎవరో కూడా నాకు తెలియదు. వాళ్ళంతా ఒక ముఠా అయితే?

"రత్నం, నానే. సింహాచలం ఎల్లాను. నీ కోసం మొక్కుకున్నాను. తలనీలాలిచ్చాను. పైన సన్నీళ్ళ స్నానం సేసొచ్చాను, గొంతు పట్టేసింది."

"నానే అని ఎవుడైనా అంటాడు. మా ఆయనవైతే సెప్పు. పెళ్ళైన కొత్తలో మనింట్లో డిస్కు అద్దెకు తెచ్చుకుని మొట్టమొదట సినిమా సూశాం. ఏ సీను దగ్గర నాను ఏడిశాను?"

ఆ బొంగురు గొంతు తగ్గి, పక్కవాళ్ళకు వినిపించకూడదన్నట్టు కిటికీ దగ్గరికి వచ్చింది.

"నువ్వేడవలేదే. ఏడిసింది నాను. తల్లి బస్సు దిగిపోయినప్పుడు. ఎవురికీ సెప్పొద్దని నీ సేతిలో ఒట్టేయించుకున్నాను."

స్టూలు తీశాను. ఆయన గుమ్మంలోనే కూలబడిపోయాడు. నేను ఆ గుండు మీద చెయ్యి వేసి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నా జబ్బు నయం కావాలని ఆయన ఇచ్చిన మొక్కే ఆయన్ని నాకు పరాయివాణ్ణి చేసింది. ఆ మాట అంటే, "మీసం వచ్చేస్తాదిలే" అన్నాడు.

ఆసుపత్రిలో థెరపీ నేర్పే అమ్మాయి ఒక దారి చూపించింది. "ముఖాన్ని వదిలెయ్యండమ్మా. నడక, చేతులు, గొంతు పట్టుకోండి" అంది. అలాగే చేస్తున్నాను. మా అమ్మాయి గడప దాటగానే "అమ్మా, నేను" అని మొదట మాట్లాడుతుంది. జుబేదా అక్క ప్రతి దారం కండె మీదా రంగు పేరు రాసి పంపుతుంది. ఎరుపు, పసుపు తిరిగి వచ్చాయి. నీలానికీ ఆకుపచ్చకీ ఇప్పటికీ తగాదానే. ఆవిడకు క్షమాపణ చెబితే, "ఇంకోసారి మార్చావన్నావంటే నిజంగానే మార్చేస్తాను" అంది.

టీవీ ముందు ఇప్పుడు మా ఆయన నా పక్కన కూర్చుని చెబుతాడు. "ఈడు ఇందాకటి లాయరు. ఈమె ఆడి పెల్లాం." హంతకుణ్ణి చూడగానే ముందే చెప్పేస్తాడు, అదొక బాధ. ఒకసారి షిఫ్టు దిగి వచ్చి సినిమా మధ్యలో కునుకు తీసి, లేచి, చూడని కథంతా సొంతంగా అల్లేశాడు. నేను అది నమ్మి గ్రూపులో తీర్పు చెప్పి నవ్వులపాలయ్యాను. అప్పటి నుంచి ఆయన చెప్పింది ఇంకొకరిని అడిగి గానీ నమ్మను.

నా తీర్పులు మారాయి. మనుషులు తక్కువగా ఉండి, గొంతులు వేరువేరుగా ఉండే సినిమాలు వెతుక్కుంటున్నాను. మొన్న ఇద్దరు ముసలివాళ్ళు ఒక లారీలో ఉప్పు తీసుకెళ్ళే సినిమా చూశాను. ఒకాయనది నత్తి, ఇంకొకాయనది బండ గొంతు. ఎవరి సాయం లేకుండా చివరిదాకా నాకు అర్థమైంది. కళ్ళు సరిగ్గా లేనివాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళతో కలిసి చూడండని గ్రూపులో చెప్పాను. పెద్ద కుటుంబాల కథలు, కవలల కథలు నన్నడగొద్దన్నాను.

ఈమధ్య భీమిలి నుంచి గ్రూపులో ఒకావిడ రాసింది. వాళ్ళ నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి, సాయంత్రం పూట సీరియళ్ళు చూస్తాడు. "ఈల్లందరూ ఒక్కలాగే ఉన్నారేటి అంతన్నాడు. నవ్వొత్తంది" అని. కింద నవ్వులు మొదలయ్యాయి. నేను ఫోన్ చేసి ఒక్కటే అడిగాను: "ఎప్పట్నించి?"

"నిన్నట్నించి అక్కా."

"వండుతున్నది దించేసి, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెల్లు."

తీసుకెళ్ళారు. ఆయనది కూడా స్ట్రోకే. తొందరగా వచ్చారు కాబట్టి చాలా వరకు కోలుకుంటాడని చెప్పారట.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఇంట్లో ఎవరైనా మనుషులంతా ఒకేలా ఉన్నారన్నా, రంగులు పోయాయన్నా, అవునులే అని తల ఊపకండి. ఎప్పటి నుంచి అని అడగండి. ఏళ్ళ తరబడి అంటుంటే అది వాళ్ళ అభిరుచి. నిన్నటి నుంచి అంటే మాత్రం టీవీ కట్టేసి ఆసుపత్రికి బయల్దేరండి. అక్కడ డాక్టర్‌తో మొట్టమొదట "ఉన్నట్టుండి వచ్చింది" అని చెప్పండి.