తాత నింపిన గాలి

మారతహళ్ళిలో మా సందు మొదట్లో పంచర్లు వేసే తాత పోయాడు. సోమవారం పొద్దున బండి తీసుకుని వెళ్తే షట్టరు దించి ఉంది. పక్కన కొబ్బరి బోండాలమ్మే ఆమె కత్తి కింద పెట్టి, "నిద్దర్లోనే పోయినాడప్పా. శనివారం కూడా నీ బండి మాటే ఎత్తినాడు" అంది.

ఒకసారి మిట్టమధ్యాహ్నం అంత దూరం అత్తిబెలె నుంచి ఎండలో బండి నడుపుకుంటూ వచ్చి, నా సొంత మీటరుతో గాలి కొలుచుకున్నాను. ఎక్కువ చూపించింది. తెలివిగా కొంత వదిలేశాను. తెల్లారేసరికి టైరు మెత్తబడింది. తాత పడీపడీ నవ్వాడు.

"ఇంజనీరప్పా! ఎండలో పరిగెత్తొచ్చినోడి నాడి పట్టుకోని, జబ్బని మందిచ్చినట్టుండాది నువ్వు చేసిండేది."

నా అరచేయి తెరిపించి, గ్రీజు మరకల వేళ్ళతో టపటపా కొట్టాడు.

"లోపల గాలి సుమ్మనే, కదలకుండా కూర్చోదు. కంటికి కనపడని నలుసులు పరిగెత్తి గోడకు తగుల్తానే ఉంటాయి. ఒక్కటి తగిల్తే ఏమీ తెలీదు. అన్నీ తగుల్తా ఉంటే, అదే టైరుకు బలం. ఎండకు ఇంకా జోరుగా కొడతాయి, చల్లబడితే నిదానిస్తాయి. అందుకే పొద్దున్నే రమ్మనేది."

ఈ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అర్థమైంది మాత్రం ఆ రోజే.

గాలి కొట్టాక తాత వేలు ఉమ్మితో తడిపి వాల్వు మీద పెట్టి, బుడగ వస్తుందేమోనని చూసేవాడు. వెనక ఎంతమంది హారన్లు కొట్టినా కదిలేవాడు కాదు. మొన్న శనివారం నా బండి ముందు టైరు వాల్వు మీద చిన్న బుడగ వచ్చింది.

"సన్నంగా పోతా ఉండాది. కొత్త వాల్వు తెచ్చి పెడతా, సోమారం రా. అంతవరకూ ఈ గాలి చాల్తాది."

ఎదురుగా పెట్రోలు బంకులో గాలి మిషను ఉంది. రెండు నిమిషాల పని. నేను మాత్రం ఆఫీసుకు బస్సులో వెళ్తున్నాను. బంకు గాలి కలిపినా సన్నంగా పోతూనే ఉంటుంది, ఆ వాల్వు మారిస్తే ఉన్న గాలి అంతా వదిలేయాలి. తాత చేత్తో నింపిన గాలి అది. పిచ్చితనమని తెలుసు, అయినా మనసు రావడం లేదు.

రోజూ పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే, బొటనవేలితో టైరు నొక్కి చూస్తున్నాను. ఇవాళ వేలు బాగా లోపలికి దిగింది. తీయలేదు. కాసేపటికి లోపలి నుంచి, చాలా నెమ్మదిగా, ఏదో ఇంకా వేలిని వెనక్కి తోస్తున్నట్టే ఉంది.